హిల్డింగ్ బాబాయి నిలబడ్డ చోటు

సోల్వే బ్రెన్‌లుండ్ పొయ్యిలు కట్టడం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. అప్పట్లో ఆమె పాల లారీ నడిపేది. అద్దెకున్న పాత చెక్క ఇంట్లో, హాలు మూలన గదిని వెచ్చబరిచే పింగాణీ పలకల పొయ్యి, గొట్టంలోకి పంపాల్సిన పొగనంతా గదిలోకే పంపేది. బాగుచేసే మనిషి కోసం ఊళ్ళో అడిగితే, అలాంటివాళ్ళలో ఆఖరివాడు పోయి చాలా కాలమైందన్నారు. "సరే, ఆయన్ని లేపలేను కదా" అని ఒక వేసవిలో తనే దాన్ని పలక పలకగా విప్పింది. లోపల ఇటుకల మధ్య పొగ పైకెక్కి, కిందికి దిగి, మళ్ళీ పైకెక్కే దారులు కనిపించాయి. తనలోని వేడంతా ఇటుకలకి ఇచ్చేసి చల్లబడ్డాకే పొగ ఇల్లు దాటుతుంది. పొగని అన్ని మలుపులు తిప్పినవాడి తెలివికి ముచ్చటేసి, మసిలో కూర్చుని ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్విందట. సోల్వే గట్టిగా నవ్విందంటే ఎక్కిళ్ళు తప్పవు. ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

మొదటిసారి తిరిగి కట్టింది కూలిపోయింది. రెండోసారి కట్టింది నిలబడింది గాని పొగ మానలేదు. మూడోసారి కట్టింది ఇవాళ్టికీ మండుతోంది. ఆ తరువాత పాల లారీ అమ్మేసి వ్యాను కొంది.

ఆ వ్యానులో సగం నాది. నీళ్ళ గొట్టాలు, బాయిలర్లు, వేడినీళ్ళతో గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్లు నా పని. మంట, మన్ను, ఇటుక ఆమె పని. ఆమె బంకమన్ను బకెట్ల మీద ఎప్పుడూ తడి గోనె కప్పి ఉండేది. నా గొట్టాలు ఆ గోనెకి తగిలితే రోడ్డు మీదే బండి ఆపించేది. కాఫీని సాసర్లో పోసుకుని, చక్కెర పలుకు పళ్ళ మధ్య పెట్టుకుని తాగేది. పని గురించి ఎవరైనా ఎక్కువ మాట్లాడితే, వాళ్ళ చేతికి బంకమన్ను ముద్ద ఇచ్చి తాడులా పేనమనేది. మన్ను విరగకుండా వేలి చుట్టూ తిరిగితేనే కట్టడానికి పనికొస్తుంది. పేనుతున్నంతసేపూ మనిషి మాట్లాడడు. అది రెండో లాభం.

చమురు ధర రెండోసారి పెరిగిన ఏడాది, మా చలిసీమ వెర్మ్‌లాండ్‌లో పాత ఇళ్ళవాళ్ళకి మూలన మూగగా నిలబడ్డ పొయ్యిలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మాకు ఊపిరి సలపలేదు. ఆ శరత్కాలంలోనే లిల్లోకెర్ అనే ఊరి నుంచి దాగ్ని ఫోన్ చేసింది.

దాగ్ని, ఫోల్కె అక్కాతమ్ముళ్ళు. సరస్సు ఒడ్డున వాళ్ళ నాన్న కట్టిన పసుపుపచ్చ చెక్క ఇంట్లో ఆమె కింద, అతను పైన ఉండేవాళ్ళు. ఆమె బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. అతను ఓడల్లో ఇంజనీరుగా చేసి వచ్చాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. "వీడితో పోట్లాడ్డానికే పొద్దు చాలదు, ఇంక మొగుడితో ఎప్పుడు పోట్లాడను" అనేది దాగ్ని.

మేము వెళ్ళేసరికి వంటింటి బల్ల మీద యాలకుల బన్నులు, బల్లకి అటొకరు ఇటొకరు వీళ్ళు.

"నేలమాళిగలో చమురు బాయిలర్ తీసేసి, కట్టెలతోనూ కరెంటుతోనూ నడిచేది పెట్టాలి. అంతవరకు ఇద్దరికీ ఒప్పుదలే" అంది దాగ్ని.

"ఇక హాల్లో పొయ్యి" అన్నాడు ఫోల్కె. "అమ్మ దాన్ని ఆర్పి, రేడియేటర్లకి మేచింగ్ అని బూడిదాకుపచ్చ రంగు పూసి పాతికేళ్ళు దాటింది. పొగ కక్కే గుండ్రటి బీరువా అది. తీసి పారేసి అక్కడ కరెంటు హీటరు పెట్టుకుంటే హాయి. పలకలు కొంటానని పట్నం నుంచి ఒక వ్యాపారి కూడా అడిగాడు."

"రంగు కింద నీలం పూలతీగ ఉంది" అంది దాగ్ని. "నేను నడక నేర్చుకున్నది ఆ పొయ్యి పట్టుకుని."

"ఆ పూలతీగ వల్ల వెచ్చదనం రాదే."

"నీ మాటల వల్లా రావడం లేదు. అరవై ఏళ్ళకి పైగా చూస్తున్నా."

దాగ్నికి నిండు డెబ్బై వచ్చేది క్రిస్మస్ ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదాని నాడు. ఊరంతా వస్తుంది. అందుకని బల్ల దగ్గరే, మా ఇద్దరినీ సాక్షులుగా పెట్టి, ఒప్పందం చేసుకున్నారు.

"ఆ ఆదివారం పొయ్యి మండిందా, అదీ ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటా" అంది దాగ్ని. "మండలేదా, పలకలు వ్యాపారికి. నేను టౌన్లో ముసలాళ్ళ ఫ్లాటుకి."

"అక్కడ లిఫ్టు ఉందట" అన్నాడు ఫోల్కె.

"ఉంది. నువ్వు లేవు. ఒకే అద్దెకి రెండు సుఖాలు."

ఫోల్కె బన్ను నమలడం ఒక్క క్షణం ఆపాడు. తరువాత మళ్ళీ నమిలాడు. అది నేను చూశాను, దాగ్ని చూడలేదు.

సోల్వే పొయ్యి చుట్టూ తిరిగి, తలుపు తెరిచి, లోపల అగ్గిపుల్ల గీసింది. జ్వాల గొట్టం వైపు వంగకుండా ఆమె ముఖం వైపు వంగింది. "లోపలి ఇటుకలు కూలాయి. మొత్తం విప్పాలి" అంది. ఆమె అంతకన్నా పెద్ద ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు.

విప్పడం నిదానమైన పని. ఒక్కో పలకా తీసి, వెనకాల నల్లటి మసి మీద సుద్దముక్కతో వరస ఎన్నోది, చోటు ఎన్నోది అని రాసేది. ఆ పొయ్యి కట్టినవాడు ప్రతి పలకనీ పక్క పలకకి సరిపోయేలా అంచులు చేత్తో అరగదీశాడు. ఒకటి మారితే సందు వస్తుంది, సందు వస్తే పొగ వస్తుంది. ముందువైపు దళసరి రంగు తప్ప ఏమీ కనిపించడం లేదు కాబట్టి, అంతా ఆ వెనక అంకెల మీదే.

"ఈ పలకలు ఒడ్డున బట్టలుతికే పాకలో పెడతా" అన్నాడు ఫోల్కె, మేము అడక్కుండానే. "హాలు ఇరుకవుతుంది కదా." ఓడ సరుకులా ఒక్కోటీ గుండెకి హత్తుకుని మోసుకెళ్ళాడు. శత్రువు ఇంత మంచివాడవడం చూసి సోల్వే కూడా కనుబొమ్మలెత్తింది.

మాకు ఇంకో ఊళ్ళో ఒప్పుకున్న పని ఉంది. అది ముగించుకుని, కొత్త ఇటుకలు వ్యానులో వేసుకుని వచ్చేసరికి ఫోల్కె గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒంటికి ఏప్రను, నెత్తిన ఓడ టోపీ. చిన్నపిల్లాడు బడి నుంచి బహుమతి తెచ్చినట్టుంది వాలకం.

"దాగ్నికి చెప్పకండి. ముందు మీరు చూడండి" అని పాక తలుపు తీశాడు.

లోపల అరల నిండా తెల్లటి వెలుగు. ప్రతి పలకా పాలలా మెరుస్తోంది. బూడిదాకుపచ్చ రంగు పిసరంత లేదు. తెల్లటి నిగనిగ మీద నీలం కొమ్మలు, ఆకులు, రిబ్బన్లు. బట్టలు ఉడకబెట్టే రాగి కాగులో చాకలి సోడా వేసి, పలకలన్నీ నానబెట్టి తోమాడట.

"పుట్టినరోజుకి ఆశ్చర్యపోవాలని" అన్నాడు. "చిన్నప్పుడు ఇలాగే ఉండేది. నేను గెలిచినా ఓడినా, ఒక్కసారి దాన్ని ఇలా చూడాలి కదా."

సోల్వే ఒక పలక తీసుకుని వెనక్కి తిప్పింది. అన్నం తినే పళ్ళెంలా ఉంది. ఇంకోటి తిప్పింది. ఇంకోటి.

"వెనకాల కూడా తోమావా, ఫోల్కె?"

"తోమకపోతే ఎలా? మసి. పైగా ఎవరో సుద్దతో పిచ్చిగీతలు గీసి పెట్టారు. పనివాళ్ళు వచ్చేసరికి వస్తువు మురిగ్గా ఉంటే మా గురించి ఏమనుకుంటారు?"

"ఆ పిచ్చిగీతలు నావి."

ఫోల్కె టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. సోల్వే నోరు గట్టిగా మూసుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. తరువాత ఒక ఎక్కిలి వచ్చింది.

"పళ్ళెంలా... తోమావు" అంది, కాగు అంచు పట్టుకుని. "ఇంత బాగా... నా గిన్నెలు కూడా ఎవరూ తోమలేదు."

దాగ్ని మాత్రం నవ్వలేదు. సంగతి చెప్పగానే వంటింట్లో కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"కావాలనే చేశాడు. గెలవడానికి చేశాడు. వ్యాపారికి మెరుస్తూ ఇవ్వాలని చేశాడు."

ఫోల్కె పైకి వెళ్ళిపోయాడు. పైన నేల మీద అతని అడుగులు ఓడ డెక్కు మీద పచార్లలా అటూ ఇటూ వినిపించాయి.

సోల్వే సాసర్లో కాఫీ పోసుకుంది. "దాగ్ని, నువ్వు వాడి చేతులు చూశావా?"

"ఎందుకు చూడాలి?"

"సోడాకి తోలు లేచిపోయింది. పొయ్యిని చెడగొట్టాలనుకునేవాడికి ఒక్క సుత్తి చాలు. రోజుల తరబడి చేతులు కాల్చుకోనక్కర్లేదు."

దాగ్ని అలమర తెరిచి, వెన్నలాంటి మందు డబ్బా తీసి, మెట్లెక్కి వెళ్ళింది. పైన అడుగులు ఆగాయి. కాసేపటికి మళ్ళీ కేకలు వినిపించాయి. "ఇటు పెట్టు చెయ్యి", "మంటగా ఉందే", "ఉండాలి, వెధవా". ఇక ఫరవాలేదనుకుని నేను నేలమాళిగలోకి దిగి నా బాయిలర్ పని మొదలుపెట్టాను.

హాలు నేలంతా పలకలు పరిచాం. చూడ్డానికి పిల్లలు ముక్కలు పేర్చి బొమ్మ చేసే ఆటలా ఉంది. మనకి అలవాటైన ఆటలో మూలముక్కలైనా దొరుకుతాయి. ఈ పొయ్యి గుండ్రం. మొదలూ లేదు, చివరా లేదు. బొమ్మలు వేసినవాడు కూడా ఒకే కొమ్మని చుట్టూ తిప్పుతూ పోయాడు. ఏ ఆకుని ఏ రిబ్బను పక్కన పెట్టినా ఎంతో కొంత కలిసినట్టే ఉంది.

"ఈ గులాబి తలుపుకి ఎడమవైపు ఉండేది" అనేది దాగ్ని.

"కుడివైపు" అనేవాడు ఫోల్కె. చేతులకి గుడ్డలు చుట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. తాకనివ్వడం లేదు గనక నోటితోనే పని.

"నేను నీకన్నా ముందు పుట్టా."

"అందుకే ముందు మర్చిపోయావు."

అలా పోట్లాడుకుంటూనే దాగ్ని, రుజువు చూపిస్తానని ఆల్బమ్ తెచ్చింది. ఆ ఇంట్లో ఫొటో అంటే పొయ్యి ముందే. పుట్టినరోజులు, చర్చి ఫంక్షన్లు, లూసియా పండగకి తలమీద కొవ్వొత్తుల కిరీటాలు, అన్నీ అక్కడే నిలబడి తీయించుకున్నవి. ఊళ్ళోవాళ్ళు కూడా కొత్త బట్టలు వేసుకుంటే ఇక్కడికే వచ్చి తీయించుకునేవాళ్ళట, వెనకాల పొయ్యి అందంగా ఉంటుందని. సోల్వే ఒక ఫొటో మీద భూతద్దం పెట్టింది. పెళ్ళికూతురి చెవి పక్కన ఒక ఆకు, కొంచెం బయటికి రిబ్బను చివర. లేచి, నేలమీద వెతికి, ఒక పలక తీసి మరో పలక పక్కన పెట్టింది. అంచులు కత్తెర మూసుకున్నట్టు కలిశాయి.

"ఇంకా ఫొటోలు కావాలి" అంది.

మర్నాటి నుంచి లిల్లోకెర్ మొత్తం చంకల్లో ఆల్బములతో ఆ హాల్లో దిగింది. పక్కింటి రూత్ అట్టపెట్టెతో వచ్చి, కాఫీ కెటిల్ స్వాధీనం చేసుకుంది. ముసలాళ్ళు నేలమీద బోర్లా పడుకుని భూతద్దాలు లాక్కునేవాళ్ళు.

"మీ అత్త టోపీ ఒక్క అంగుళం పక్కకుంటే ఏం పోయేది?"

"ఆవిడ రాజుగారొచ్చినా టోపీ జరపదు."

"ఈ పిల్లాడెవరు, పూల మధ్యలో వేలు ముక్కులో పెట్టుకుని?"

"నేనే. ముందుకి పద."

రూత్ ఒక ఫొటోని కిటికీ వెలుగులోకి పట్టి చూసింది. పొయ్యి అంచున, అందరికీ వెనకాల, రూత్ నాన్న ఎవరిదో చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యికి ఉన్న ఉంగరం రూత్ వాళ్ళమ్మది కాదు. "ఆ చెయ్యి పైనున్న పలక స్పష్టంగా ఉంది, తీసుకోండి" అని ఫొటో సోల్వేకిచ్చి, కాఫీ కాయడానికి వెళ్ళింది. వంటింట్లోంచి ఆమె నవ్వు మాకు చాలాసేపు వినిపించింది.

అలా మనుషుల చెవుల పక్కనుంచి, మోచేతుల సందుల్లోంచి, కుక్క వీపు మీదుగా పొయ్యి వరస వరసగా తిరిగొచ్చింది. లోపల కొత్త ఇటుకలు కడుతూ, బయట పలకలు బిగిస్తూ సోల్వే పైకి పోతోంది. ఒక్కచోటు తప్ప. తలుపుకి కుడివైపు, మనిషి వీపంత మేర. అక్కడ ప్రతి ఫొటోలోనూ ఒకే మనిషి నిలబడి ఉన్నాడు.

"హిల్డింగ్ బాబాయి" అన్నారు దాగ్ని, ఫోల్కె ఒకేసారి. ఆ వారంలో వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ ఒక్క విషయంలోనే.

వాళ్ళ నాన్న తమ్ముడు. తలుపులోంచి పక్కకి తిరిగి రావాల్సినంత మనిషి. ఫొటో తీస్తారనగానే వెళ్ళి ఆ చోట అతుక్కుని నిలబడేవాడు. పిల్లలు జరగమన్నా జరిగేవాడు కాదు. "వీపుకి వెచ్చగా ఉంటుంది" అనేవాడట. ఆ పొయ్యి కట్టినప్పుడు కుర్రాడిగా మన్ను కలిపింది తనేననీ, ఒక పలక తన చేత్తోనే పెట్టాననీ గొప్పలు చెప్పుకునేవాడు. ఏ పలక అని అడిగితే మాత్రం కాఫీ అయిపోయిందనేవాడు.

హిల్డింగ్ బాబాయి వెనక పట్టేవి ఆరు పలకలు. నేలమీద మిగిలినవీ ఆరే. ఆరింటినీ అటూ ఇటూ మార్చి చూడటం ఎంతసేపు అనుకున్నాం. సోల్వే ఎన్ని రకాలుగా మార్చినా అయిదు కూర్చునేవి, ఆరోది కూర్చునేది కాదు. చిటికెన వేలు పట్టేంత సందు మిగిలేది. విప్పేది, మళ్ళీ పెట్టేది. పనిలో ఎప్పుడూ తీసే కూనిరాగం మానేసింది. చక్కెర పలుకు లేకుండా కాఫీ తాగింది.

కట్టడం ఒక్కటే అయితే ఫరవాలేదు. కట్టాక మన్ను ఆరాలి. చిన్న చిన్న మంటలతో నెమ్మదిగా ఆరబెట్టకుండా ఒకేసారి పెద్ద మంట పెడితే పలకలు పగులుతాయి. ఆదివారం దగ్గరికొస్తోంది.

"సందులో మన్ను కుక్కితే?" అన్నాను.

"కుక్కొచ్చు. మొదటి గట్టి చలికి రాలుతుంది. ఆ సందులోంచి పొగ వచ్చేసరికి దాగ్ని గదిలో పడుకుని ఉంటుంది" అంది సోల్వే. తరువాత దాగ్ని వైపు తిరిగింది. "సరిగ్గా కుదరకపోతే నేను అంటించను. అబద్ధం చెప్పలేను."

దాగ్ని తల ఊపింది. బల్ల మీద ఫ్లాటువాళ్ళు పంపిన రంగుల కాగితం ఉంది. ఫోల్కె దాన్ని చూసి, గుడ్డలు చుట్టిన చేత్తో తిరగేసి బోర్లా పెట్టాడు. "వ్యాపారికి ఫోన్ చెయ్యనా" అన్నాడు. గెలిచినవాడి గొంతు కాదది.

మర్నాడు పొద్దున నేను రేడియేటర్లు కడుగుతున్నాను. పాత ఇంట్లో కొత్త బాయిలర్ పెట్టి గొట్టాలు కడక్కపోతే, ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లటి బురద దాన్ని తినేస్తుంది. కడిగితే సిరాలాంటి నీళ్ళు వచ్చాయి. ఫోల్కె వచ్చి వాసన చూసి, "ఇంజన్ రూమ్ బాగుంది, కెప్టెన్" అని నాకు సెల్యూట్ కొట్టి నీరసంగా వెళ్ళిపోయాడు. నేను ఇంటికంతటికీ నీళ్ళు కట్టేశాను. అందువల్ల ఇంట్లో టాయిలెట్టు పనిచెయ్యలేదు. అందువల్ల సోల్వే పెరట్లోని పాత చెక్క దొడ్డికి వెళ్ళాల్సొచ్చింది. నా వృత్తిలో నేను ఎవరికైనా చేసిన అతి పెద్ద సాయం ఇదేనేమో.

కాసేపటికి పెరట్లోంచి ఎక్కిళ్ళు వినిపించాయి. ఆగి ఆగి, దగ్గరవుతూ. తలుపు తోసుకుని సోల్వే వచ్చింది. చేతిలో ఒక పటం.

"దాగ్ని... దొడ్లో... రాజుగారి పక్కన... ఇదేంటి?"

మా వైపు పాత దొడ్ల గోడలకి రాజకుటుంబం పటాలు తగిలించడం మామూలే. తీరిగ్గా కూర్చున్నప్పుడు మంచి మనుషుల్ని చూడాలి కదా. రాజుగారి పక్కన ఆ ఇంట్లో తగిలించి ఉన్నది ఫోల్కె తీసిన మొదటి ఫొటో. తొమ్మిదేళ్ళప్పుడు పుట్టినరోజుకి పెట్టె కెమెరా ఇస్తే, చుట్టాలందరినీ పొయ్యి ముందు నిలబెట్టి తీశాడు. ఒక్కరికీ తల రాలేదు. భుజాల దగ్గర అందరూ ఆగిపోయారు. బూట్లు, గౌన్లు, కుక్క, ఒక పిల్లి తోక మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. యాభై ఏళ్ళకి పైగా ఆ ఇంట్లో ఎవరికి నవ్వు కావాలన్నా ఆ ఫొటోనే. దాన్ని దొడ్లో తగిలించింది దాగ్నే.

"దాని జోలికెందుకు" అన్నాడు ఫోల్కె, ముఖం ఎర్రగా చేసుకుని.

"హిల్డింగ్ ఎక్కడ?" అంది సోల్వే.

అందరం వంగాం. తలుపుకి కుడివైపు ఎవరూ లేరు. ఖాళీ. తల లేని అత్తయ్యలిద్దరి మధ్య ఆరు పలకలూ అద్దంలా కనిపిస్తున్నాయి.

"బాబాయి నా పక్కన ఉన్నాడు" అన్నాడు ఫోల్కె మెల్లగా. "ఎలా నొక్కాలో చూపించాడు. ఇదిగో." ఫొటో మూలన మసగ్గా, సాసేజ్ ముక్కంత లావున, ఒక బొటనవేలు.

సోల్వే భూతద్దం పెట్టింది. చాలాసేపు చూసింది. తరువాత భూతద్దం నా చేతికిచ్చి, నేలమీద కూర్చుండిపోయింది. నేను చూశాను. అయిదు పలకల్లో రిబ్బను ముడి కొసలు కిందికి వేలాడుతున్నాయి. ఆరోదానిలో పైకి వేలాడుతున్నాయి.

ఆ పలక తలకిందులుగా పెట్టారు. అలాగే పెట్టి అంచులు అరగదీశారు. అందుకే నిటారుగా పెడితే కూర్చోవడం లేదు. తలకిందులుగా తిప్పి చూడాలన్న ఊహ సోల్వేకి కలలో కూడా రాదు. అలాంటి పని చేసేవాడు మనిషే కాదని ఆమె లెక్క.

ముందుగా అర్థమైంది దాగ్నికి. "ఒక పలక నా చేత్తో పెట్టా" అంది, హిల్డింగ్ బాబాయి గొంతుతో, పొట్ట ముందుకి తోసి. "వీపుకి వెచ్చగా ఉంటుంది."

అంతే. ఫోల్కె కుర్చీలోంచి జారాడు. రూత్ కెటిల్ కింద పెట్టడానికి చోటు దొరక్క పట్టుకునే నవ్వింది. బతికినన్నాళ్ళూ, ప్రతి పండక్కీ, ప్రతి పుట్టినరోజుకీ, ఆ మహానుభావుడు తన తప్పు ముందు తనే గోడలా నిలబడి కాపలా కాశాడు. ఒక్కసారి, అన్న కొడుకో సొంత కొడుకో తెలియనంత ప్రేమగా పెంచిన పిల్లాడికి కెమెరా నేర్పడానికి, ఆ చోటు వదిలాడు.

ఎక్కిళ్ళు తగ్గాక సోల్వే పలకని చేతిలో తిప్పింది. "అంచులు మళ్ళీ అరగదీసి దీన్ని నిటారుగా పెడతా. రెండు పూటల పని."

"వద్దు. తలకిందులుగానే పెట్టు" అంది దాగ్ని.

"తెలిసి తెలిసి నా చేత్తో తప్పు పెట్టమంటావా?"

"తప్పు నీది కాదు. బాబాయిది. నువ్వు దాన్ని ఇంటికి తెస్తున్నావు, అంతే."

సోల్వే మన్ను పూసింది. పలకని తిప్పింది. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, చేత్తో తడుముకుంటూ నొక్కింది. చిన్న చప్పుడుతో అది తన గూట్లోకి వెళ్ళి కూర్చుంది. వెంట్రుకంత సందు కూడా లేదు. అప్పుడు తిరిగి చూసి, "ఛీ, ఎంత బాగా కూర్చుందో" అంది.

రోజూ పొద్దున గుప్పెడు పుల్లలతో చిన్న మంట. మరుసటిరోజు ఇంకో నాలుగు పుల్లలు ఎక్కువ. పుల్లలు చీల్చింది ఫోల్కె, గుడ్డలు విప్పేసిన కొత్త గులాబీరంగు చేతులతో. సోల్వే తలుపు దగ్గర అగ్గిపుల్ల పట్టుకుంటే ఈసారి జ్వాల లోపలికి, గొట్టం వైపు, మర్యాదగా వంగింది. పొగగొట్టాలు తనిఖీ చేసే ఒస్సియన్ వచ్చి, తల లోపలికి పెట్టి, కప్పు మీదికెక్కి, దిగి, నల్లటి చెయ్యి సోల్వేకి ఇచ్చాడు. "తలకిందులుగా ఒకటి పెట్టావు" అన్నాడు. "తెలుసు" అంది ఆమె, పళ్ళు నూరుతూ.

ఆ ఆదివారం మంచు పడింది. కిటికీల్లో కాగితం నక్షత్రాలు వెలిగాయి. హాల్లో ఆకుపచ్చ కేకు, ఊరంతా, బూట్లు గుమ్మంలో విప్పి సాక్సుల్లో నిలబడ్డ జనం. దాగ్ని బిర్చి కట్టెలు పేర్చి, తనే అంటించింది. పెళపెళమని అందుకుంది. మంట మీది నీలం పోయి నిప్పులు మాత్రం మిగిలాక సోల్వే గొట్టం మూత మూసింది. ఇక రేపు పొద్దుటిదాకా ఆ ఇటుకలే చూసుకుంటాయి. దాగ్ని పొయ్యికి చెంప ఆనించి నిలబడింది. ఫ్లాటు కాగితం ఎప్పుడు మంటలోకి వెళ్ళిందో ఎవరూ చూడలేదు. ఫోల్కె జేబు మాత్రం కొంచెం ఖాళీగా ఉంది.

"పైన నాకు మాత్రం ఒక కరెంటు హీటర్ కావాలి" అన్నాడు అతను.

"పెట్టుకో. దాని పక్కన ఫొటో తీయించుకో" అంది దాగ్ని.

ఫొటో మాటొచ్చేసరికి అందరూ పొయ్యి ముందుకి తోసుకున్నారు. కెమెరా ఎవరికివ్వాలో చర్చే జరగలేదు. ఫోల్కె మూడు కాళ్ళ స్టాండు కూడా తెచ్చుకున్నాడు.

"పలకలు కనపడాలి, పక్కకి జరగండి" అని అరిచాడు. "ఇంకో వందేళ్ళకి ఎవడో మళ్ళీ తోముతాడు. వాడికి పనికొస్తుంది."

అందరూ జరిగారు. సోల్వే జరగలేదు. ఎప్పుడూ ఫొటోలకి దొరకని మనిషి, వెళ్ళి తలుపుకి కుడివైపు, చేతులు కట్టుకుని, వీపు ఆనించి నిలబడింది.

"అమ్మాయ్, కొంచెం జరుగు" అంది రూత్.

"వీపుకి వెచ్చగా ఉంది" అంది సోల్వే. అక్కడినుంచి కదల్లేదు.

ఆ ఫొటో ఇప్పుడు పెరటి దొడ్లో, పాతదాని పక్కన, రాజుగారికి ఎడమవైపు ఉంది. ఒక్కరికీ తల రాలేదు. అయినా మధ్యలో ఉన్నది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. గోళ్ళలో మన్ను ఉంది. ఎక్కిలి వచ్చి ఉంటుంది, ఆ ఒక్క మనిషే కొంచెం కదిలి మసగ్గా పడింది. అలా కదలడం వల్లనే మోచేతి కిందుగా ఒక రిబ్బను ముడి కనిపిస్తోంది, కొసలు పైకి వేలాడుతూ.